‘రిపోర్టులో ఏం లేదని రాసుంది కదమ్మా, ఇంకా గోలీలెందుకు?’

మక్తల్ దగ్గరి ఒక పల్లె నుంచి ఒక తల్లి రాసిన పెద్ద ఉత్తరం ఇది. గుర్తుపట్టే వివరాలు వద్దన్నారు కాబట్టి కొన్ని మార్చి, సంగతి మాత్రం చెప్తాను. పెళ్లయిన కొత్తలోనే ఆమె, భర్త బొంబాయికి వలస పోయారు, మట్టిపని, సెంట్రింగ్ పని. బిడ్డకు నాలుగేళ్లప్పుడు భర్త టీబీతో మంచం పట్టాడు. అప్పుడు చేసిన పరీక్షల్లో ముగ్గురికీ హెచ్ఐవీ ఉందని తేలింది. ఆయన ఆ ఏడాదే పోయాడు. అప్పటి నుంచీ తల్లీబిడ్డలు మహబూబ్‌నగర్ పెద్దాసుపత్రిలో హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో మందులు తెచ్చుకుంటున్నారు. బిడ్డకు ఇప్పుడు పదిహేనేళ్లు, గురుకుల హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతోంది. జబ్బు పేరు ఆమెకు ఇంతవరకూ చెప్పలేదు, ‘రక్తం తక్కువుంది, బలానికి గోలీలు’ అని నెట్టుకొచ్చారు.

పోయిన ఎండాకాలం బిడ్డ వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష) రిపోర్టులో ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’ అని వచ్చింది, తల్లి సంతోషించింది. దసరా సెలవుల్లో బట్టలు ఉతకడానికి ట్రంకు పెట్టె ఖాళీ చేస్తుంటే, అడుగున ఒక స్కూల్ సాక్సులో దాచిన గోలీలు దొరికాయి, దాదాపు నెలకు సరిపోయేన్ని. గట్టిగా అడిగితే పిల్ల, ‘నీ ఫోన్లో రిపోర్టు చూసిన. ఏం లేదని రాసుంది కదమ్మా, ఇంకా ఎందుకు మింగాలె?’ అన్నదట. ఈమె దగ్గర జవాబు లేదు. పైగా ఈమె అన్న ఒకటే పోరు: ఎవరో ఒకాయన మూలికల పొడి ఇస్తాడట, అరవై వేలట, మూడు నెలల్లో జబ్బు వేర్లతో సహా పోతుందట, తగ్గినవాళ్ల రిపోర్టు కూడా కళ్లారా చూశాడట. అప్పో సప్పో నేనే తెస్తానంటున్నాడు. ఈమె అడిగినవి: రక్తంలో లేనప్పుడు అది ఎక్కడుంది? పదకొండేళ్లు మందు మింగినా ఎందుకు పోలేదు? బిడ్డకు పేరు చెప్పాలా, పది పరీక్షలు అయ్యేదాకా ఆగాలా? అన్నకు ఏం చెప్పాలి? చివర్లో ఒక చిన్న ప్రశ్న కూడా ఉంది, స్కూల్లో ఇచ్చే ఐరన్ గోలీ గురించి.

ముందు ఒక పని చేయండి. ఆ రిపోర్టును ఫోన్లో మళ్లీ తెరిచి చూడండి. మీకు ‘నాట్ డిటెక్టెడ్’ అన్న లైను గుర్తుంది. అదే కాగితం మీద పరీక్ష పేరు కూడా ఉంటుంది కదా, హెచ్ఐవీ వైరల్ లోడ్ అని. పదో తరగతి చదివే పిల్ల, మీ ఫోన్ తీసి వెతికి మరీ చూసిన పిల్ల, ఒక లైను చదివి ఇంకో లైను వదిలేసిందంటే నేను నమ్మను. ఆమెకు పేరు తెలిసిపోయింది. ఎంత కాలంగా తెలుసో, హాస్టల్లో రాత్రిపూట ఒక్కతే ఏమేం ఊహించుకుందో మనకు తెలియదు. కాబట్టి ‘చెప్పాలా వద్దా’ అని మీరు పడుతున్న టెన్షన్‌లో సగం ఇప్పటికే తీరిపోయింది. ఆమె తెలుసుకోవాలనుకుంటున్నది మీరు నిజం చెప్తారా లేదా అని. ‘ఎందుకు మింగాలె’ అన్న ప్రశ్నకు సరైన జవాబు మీ దగ్గర ఉంటే ఆ మాట మొదలుపెట్టడం తేలిక, అందుకే ముందు దాని సంగతే చూద్దాం.

‘నాట్ డిటెక్టెడ్’ అంటే రక్తంలో తిరిగే వైరస్ ఆ మిషన్‌కు అందేంత లేదని, అంతవరకే. ఆ పరీక్ష వెతికేది ప్లాస్మాలో, అంటే రక్తకణాలు తీసేశాక మిగిలే నీరులాంటి దాంట్లో. కణాల లోపల ఏముందో అది చూడదు. హెచ్ఐవీ అసలు కిటుకంతా కణం లోపలే ఉంది. అది సీడీ4 అనే తెల్లకణంలోకి దూరి, తన జన్యువుకు డీఎన్‌ఏ రూపంలో ఒక కాపీ తీసి, ఆ కణం సొంత డీఎన్‌ఏ మధ్యలో అతికించేస్తుంది. ఇక ఆ ముక్క ఆ కణంలో భాగమే, కణం బతికున్నన్నాళ్లూ ఉంటుంది. మీ ఇద్దరూ వేసుకునేది టీఎల్‌డీ గోలీ అని రాశారు. అందులో మూడు మందులుంటాయి. టెనోఫోవిర్, లామివుడిన్ అనే రెండూ ఆ కాపీ తీసే పనిని అడ్డుకుంటాయి, డోలుటెగ్రావిర్ అతికించే పనిని అడ్డుకుంటుంది. మూడూ కలిసి కొత్త కణాలకు వైరస్ పాకకుండా కాపలా కాస్తాయన్నమాట. ఇప్పటికే అతికిపోయిన ముక్కను ఊడబీకే మందు మాత్రం ప్రపంచంలో ఎక్కడా ఇంకా రాలేదు. మీరు మందు సరిగా ఇవ్వకపోవడం వల్లనో, సర్కారు మందు నాసిరకమవడం వల్లనో పోలేదని అనుకోకండి. లక్షలు పోసి అమెరికాలో మింగినా ఇంతే.

మరి ఆ కణాలు ఎప్పటికైనా చచ్చిపోవాలి కదా అని మీ బిడ్డే అడుగుతుంది చూడండి, తెలివైన పిల్లలాగే ఉంది. వైరస్ సోకిన కణాల్లో ఎక్కువ శాతం కొద్ది రోజుల్లోనే చస్తాయి, నిజమే. కొన్ని మాత్రం చావకుండా జ్ఞాపక కణాలుగా మారి నిద్రపోతాయి. చిన్నప్పుడు వేసిన టీకా పెద్దయ్యాక కూడా పనిచేసేది ఇలాంటి కణాల వల్లే, పాత శత్రువును గుర్తుపెట్టుకుని ఏళ్లకేళ్లు బతకడమే వాటి పని. మనకు మేలు చేయాల్సిన ఆ గుణమే ఇక్కడ హెచ్ఐవీకి కలిసొచ్చింది. కణం నిద్రలో ఉన్నంతకాలం అందులోని వైరస్ కూడా కదలదు మెదలదు, ఏమీ తయారుచేయదు. తయారుచేయనిదాన్ని మందు ఆపలేదు, ఒంట్లోని రక్షణ వ్యవస్థ గుర్తుపట్టలేదు. మందు బాగా పనిచేస్తున్నవాళ్లలో కూడా ఇలాంటి కణాలు ఉన్నాయని శాస్త్రవేత్తలు 1997లో కనిపెట్టారు. ఎన్ని ఉంటాయంటే, నిద్రపోయే సీడీ4 కణాల్లో పది లక్షలకు ఒకటి చొప్పున, అంత తక్కువ. కానీ అవి తరిగే వేగం మరీ నెమ్మది. సగానికి తగ్గడానికే సుమారు 44 నెలలు పడుతుందని, ఆ లెక్కన మొత్తం పోవాలంటే 70 ఏళ్లు దాటుతుందని లెక్కగట్టారు. పైగా ఆ కణాలు అప్పుడప్పుడూ రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి, కణం చీలినప్పుడల్లా లోపలి వైరస్ ముక్క కూడా కాపీ అవుతుంది. దీనికి వైరస్ కష్టపడాల్సిన పని కూడా లేదు, మన ఒళ్లే దాని పని చేసిపెడుతుంది. రక్తంలోనే కాదు, పేగుల గోడల్లో, మెడకింద చంకల్లో ఉండే లింఫ్ గ్రంథుల్లో ఈ కణాలు ఎక్కువగా ఉంటాయి. వాటిలో ఉన్న వైరస్ ముక్కల్లో తొంభై శాతానికి పైగా విరిగిపోయిన పనికిరాని ముక్కలేనని కూడా తేలింది, కానీ మిగిలినవి చాలు.

మీరు పత్తి చేలల్లో కూలికి పోతానని రాశారు కాబట్టి ఒక మాట చెప్తాను. తుంగ పీకితే పైన గడ్డి పోతుంది, భూమిలో గడ్డ ఉండిపోతుంది, చేను శుభ్రంగా కనిపిస్తుంది, ఒక్క వాన పడితే మళ్లీ లేస్తుంది. బిడ్డకు ఇంత చెప్పినా అర్థమవుతుంది.

మందు ఆపితే ఏమవుతుందో ఊహించాల్సిన పని లేదు, చూసి రాసిపెట్టారు. ఎక్కువమందిలో రెండు నుంచి నాలుగు వారాల్లో వైరస్ మళ్లీ రక్తంలోకి వచ్చేస్తుంది. ‘సీడీ4 కణాల లెక్క బాగున్నప్పుడు ఆపుదాం, తగ్గినప్పుడు మళ్లీ మొదలెడదాం’ అనే పద్ధతిని కూడా ప్రయత్నించారు, స్మార్ట్ అనే పెద్ద పరీక్షలో, 5,400 మందికి పైగా. ఆపి ఆపి వాడినవాళ్లలో జబ్బులు, చావులు ఎక్కువయ్యాయని 2006లో ఆ పద్ధతిని మానేశారు. గుండె, కిడ్నీ, కాలేయం జబ్బులు కూడా వాళ్లలోనే ఎక్కువ కనిపించాయి.

ఇంకొకటి మీ బిడ్డకు తప్పకుండా చెప్పాల్సింది. అమెరికాలోని మిసిసిపీలో 2010లో, అంటే దాదాపు మీ బిడ్డ ఈడుదే, ఒక ఆడపిల్ల హెచ్ఐవీతో పుట్టింది. పుట్టిన 30 గంటలకే మందులు మొదలుపెట్టారు. ఏడాదిన్నర వయసులో తల్లి ఆసుపత్రికి తీసుకురావడం మానేసింది, మందులు ఆగిపోయాయి. మళ్లీ వచ్చాక చూస్తే రక్తంలో వైరస్ లేదు! 2013లో ప్రపంచమంతా పేపర్లలో రాశారు, జబ్బు నయమైపోయిందని. మందు లేకుండా రెండేళ్లు దాటి గడిచాక, 2014లో, వైరస్ తిరిగొచ్చింది. అంత తొందరగా మందు పడిన పిల్లకే అలా అయితే, నాలుగేళ్లకు మొదలుపెట్టిన మన పిల్లకు రిపోర్టు చూసి ఆపడం ఎంతవరకు మంచిదో ఆమెనే చెప్పమనండి.

నిజంగా నయమైనవాళ్లు లేరా అంటే ఉన్నారు, వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మొదటివాడు తిమోతీ రే బ్రౌన్ అనే ఆయన. ఆయనకు రక్త కేన్సర్ వస్తే, హెచ్ఐవీ దూరలేని అరుదైన జన్యువున్న మనిషి మూలకణాలు ఎక్కించారు. ఆ చికిత్సలో ప్రాణం పోయే ప్రమాదం చాలా ఎక్కువ, కేన్సర్ లేనివాళ్లకు ఎవరూ చేయరు.

ఇక దాచిన గోలీల సంగతి. నెలకు సరిపోయేన్ని అంటే వరుసగా నెల మానేసిందా, మధ్యమధ్యలో మింగకుండా దాచిందా, మీరు రాయలేదు. అడగండి, తిట్టకుండా అడగండి, ఎందుకంటే ఈ రెండూ ఒకటి కాదు. సగం సగం మింగితే మందు కొంచెంగా ఉన్న ఒంట్లో వైరస్ పెరుగుతుంది, మందుకు లొంగకుండా తయారయ్యే వీలు అప్పుడే ఎక్కువ. డోలుటెగ్రావిర్ ఈ విషయంలో గట్టి మందు, అంత తొందరగా ఓడిపోదు, కాబట్టి కొంప మునిగిందని కుంగిపోకండి. కానీ ఏఆర్‌టీ సెంటర్‌లో ఈ సంగతి దాచొద్దు. వాళ్లు వైరల్ లోడ్ పరీక్ష చేస్తారు. అందులో వైరస్ లెక్క వెయ్యి దాటి వస్తే వెంటనే మందు మార్చరు, మూడు నెలలు గోలీలు సరిగా వేసుకునేలా కౌన్సెలింగ్ ఇచ్చి మళ్లీ పరీక్షిస్తారు. చాలామందికి అక్కడే దారికొస్తుంది. అరుస్తారేమోనని మీకు భయం, అరవొచ్చు కూడా, అందరూ ఒకేలా ఉండరు. అయినా చెప్పకుండా ‘అన్నీ వేసుకుంటోంది సార్’ అంటే, రేపు వైరస్ బయటపడినప్పుడు మందే పనిచేయట్లేదని వాళ్లు పొరబడే ప్రమాదం ఉంది.

మీ అన్న మీద నాకు కోపం లేదు. చెల్లె కోసం, మేనకోడలి కోసం అప్పు చేస్తాననే మనిషి ఎంతమందికి ఉంటాడు? ఆయన చూసిన రిపోర్టులో ఏం రాసుందో ఒక్కసారి అడగండి. ‘నాట్ డిటెక్టెడ్’ అనే అయుంటుంది. ఆ రిపోర్టు మీ బిడ్డకు పోయిన ఎండాకాలమే వచ్చింది, ఏ పొడీ లేకుండా, పైసా ఖర్చు లేకుండా! ఈ దందా నడిచేదే ఇక్కడ. ఏఆర్‌టీ మింగుతున్న మనిషికి పొడి ఇస్తారు, రక్తంలో వైరస్ కనిపించకపోవడం గోలీ గొప్పతనం, పేరు పొడికి. మన దేశంలో ఎయిడ్స్‌ను నయం చేస్తానని ఏ మందు గురించీ చెప్పుకోకూడదని డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ రూల్స్‌లోనే ఉంది, షెడ్యూల్ జె అంటారు, అందులో ఎయిడ్స్ పేరుంది. అన్నతో గొడవపడితే మీకు ఉన్న ఒక్క తోడు దూరమవుతుంది. ఊరికే ఒప్పుకుంటే అరవై వేల అప్పు మిగులుతుంది, ఆ పొడిలో ఏముందో, గోలీతో కలిస్తే ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు. ‘పొడి వాడేటప్పుడు ఆసుపత్రి గోలీలు మానాలి’ అని ఆ పొడి ఇచ్చేవాడు అన్నాడా, ఇక అక్కడే ఆగిపోవాలి. నా మటుకు నేనైతే ఈసారి మందులకు పోయినప్పుడు అన్నను వెంట తీసుకెళ్లి, ‘పొడితో జబ్బు పోతుందా’ అన్న ప్రశ్న కౌన్సెలర్ ముందు ఆయననే అడగమంటాను. మీరు చెప్తే వినని మాట అక్కడ వింటాడు, మగాళ్లు చాలామంది అంతే.

ఇక బిడ్డకు చెప్పడం. బడి ఈడు పిల్లలకు వాళ్ల హెచ్ఐవీ సంగతి వాళ్లకు చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే సూచించింది, మీరు ఆలస్యం చేశారంటే చేశారు, దాని గురించి ఇప్పుడు ఏడ్చి లాభం లేదు. మీ ముందు మూడు దారులున్నాయి. పరీక్షలయ్యేదాకా, అంటే మార్చి దాటేదాకా ఆగడం ఒకటి. చదువు చెడిపోదని మీ ఆశ, కానీ తెలిసీ తెలియని భయంతో ఆ పిల్ల ఇప్పటికే చదువుతోంది, ఈ నాలుగైదు నెలలూ గోలీలు మళ్లీ సాక్సులోకి పోవని ఎవరు చెప్పగలరు? రెండోది, కౌన్సెలర్ చేత చెప్పించడం. సమాచారం తప్పుల్లేకుండా అందుతుంది, పిల్ల అడిగే ఇబ్బంది ప్రశ్నలకు జవాబులుంటాయి. అయితే ‘మా అమ్మ చెప్పలేకపోయింది’ అనే మాట ఆమె మనసులో ఉండిపోవచ్చు. మూడోది, ఇంట్లో మీరే చెప్పడం. ఇది అన్నిటికన్నా కష్టం. మీరు ఏడుస్తారు, ఆమె అరుస్తుంది, ఒకట్రెండు రోజులు తిండి మానేయొచ్చు. ఈ చివరి రెండు దారులూ కలపొచ్చు కూడా, పేరు మీ నోటితో, మిగతా వివరాలు సెంటర్‌లో. నా మొగ్గు అటువైపే, కానీ ఆమెతో బతుకుతున్నది మీరు, నేను కాదు.

‘ఎట్లొచ్చింది నాకు?’ అని అడుగుతుంది, అడగకుండా ఉండదు. ‘నా కడుపులో ఉన్నప్పుడో పాలతోనో వచ్చింది, అప్పటికి నాకే తెలియదు’ అనండి, అది నిజం. గర్భంలో ఉన్నప్పుడే పరీక్ష చేసి మందు ఇస్తే బిడ్డకు సోకే అవకాశం ఐదు శాతం లోపే, మీకు ఆ పరీక్ష జరగలేదు. వాళ్ల నాన్న గురించి ఎంత చెప్పాలో మీ ఇష్టం. ఆయన లేడు కాబట్టి తప్పంతా ఆయన మీద నెట్టేయడం సులువు, కానీ ఆ పిల్ల దగ్గర తండ్రి జ్ఞాపకమే కొద్దిగా ఉంది. అబద్ధం మాత్రం వద్దు, ఒక అబద్ధం ఎంత దూరం తెచ్చిందో చూశాం కదా.

పెళ్లి సంగతి మీరు ఒక లైనులో రాసి వదిలేశారు, బెంగ మాత్రం అందులోనే ఎక్కువ కనిపించింది. మందు సరిగా వేసుకుని వైరల్ లోడ్ కనిపించని స్థాయిలో నిలకడగా ఉన్నవాళ్ల నుంచి లైంగిక సంబంధం ద్వారా భాగస్వామికి హెచ్ఐవీ సోకదు, పార్టనర్ అనే అధ్యయనాల్లో జంటలను ఏళ్లపాటు చూసి తేల్చారు. మందు మీద ఉన్న తల్లులకు హెచ్ఐవీ లేని పిల్లలు పుడుతున్నారు. ఈ మాట బిడ్డకు మొదటి రోజే చెప్పండి, రోజూ గోలీ మింగడానికి అంతకన్నా మంచి కారణం ఆ వయసులో ఇంకోటి ఉండదు.

హాస్టల్ విషయంలో ఆమె గోలీలు ఎందుకు దాచిందో కూడా అడగండి. రిపోర్టు ఒక్కటే కారణం కాకపోవచ్చు. డబ్బా ఊపితే గలగలమంటుంది, పక్క మంచం పిల్ల ‘ఏం గోలీలవి’ అంటుంది, అక్కడే పిల్లలు మానేస్తారు. డబ్బాలో కాస్త దూది పెడితే చప్పుడు రాదు. టీఎల్‌డీని రాత్రే వేసుకోవాలని రూలు లేదు, రోజూ ఒకే వేళ అయితే చాలు, తెల్లవారి అందరూ స్నానాల హడావిడిలో ఉన్నప్పుడు ఆమెకు వీలేమో చూడండి. స్కూల్లో నర్సుకు చెప్పడమా మానడమా అనేది ఇంకో చిక్కు. చెప్తే గోలీ గుర్తుచేసే పెద్ద మనిషి ఒకరు దొరుకుతారు, జ్వరమొస్తే సరైన చోటికి పంపుతారు. 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ చట్టం ప్రకారం ఆమె అనుమతి లేకుండా ఎవరికీ చెప్పకూడదు, ఈ కారణంతో బడి నుంచి పంపడానికీ వీల్లేదు. కానీ చట్టం చట్టమే, హాస్టల్లో గుసగుసలు గుసగుసలే, ఒకసారి బయటికొచ్చిన మాటను ఏ చట్టమూ వెనక్కి తీసుకురాదు. ఆ నర్సు నమ్మదగిన మనిషా కాదా అన్నది మీ బిడ్డకే బాగా తెలుస్తుంది, ఆమెను అడగకుండా మాత్రం ఎవరికీ చెప్పొద్దు. ఇంటికి తెచ్చి ఊళ్లో బడిలో వేద్దామని కూడా రాశారు. గోలీ మీ కళ్ల ముందు పడుతుంది, సరే. పదో తరగతి మధ్యలో బడి మార్చడం, ‘ఎందుకొచ్చేసింది’ అని ఊరంతా అడగడం, నాకైతే అది ఆఖరి దారి.

సెంటర్‌కు పోయే లోపల ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 1097కు ఫోన్ చేయండి, పైసలు పడవు, పేరు చెప్పనక్కర్లేదు.

ఐరన్ గోలీ గురించి అడిగారు, మంచి ప్రశ్న, చాలామంది అడగరు. డోలుటెగ్రావిర్‌ను ఐరన్, క్యాల్షియం పట్టేస్తాయి, మందు ఒంటికి సరిగా అందదు. ఖాళీ కడుపున రెండూ కలిపి వేసుకోకూడదు. అన్నం తిన్న వెంటనే అయితే కలిపి వేసుకోవచ్చు, లేదంటే టీఎల్‌డీ ముందు వేసుకుని కనీసం రెండు గంటలు ఆగి ఐరన్ వేసుకోవాలి. ఐరన్ ముందే మింగేస్తే ఆరు గంటలు ఆగాలి. స్కూల్లో వారానికోసారి ఇచ్చేది మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇస్తారేమో కనుక్కోండి, ఆమె తన గోలీ పొద్దున్నే వేసుకుంటే ఇక ఏ పేచీ లేదు. గ్యాస్‌కని తాగే మందులతోనూ ఇదే ఇబ్బంది, అవి వాడేముందు సెంటర్‌లో ఒక మాట అడగమనండి.